పాతపట్నం దాకా వెళ్లి రావడానికి ఏ ఇంగ్లీషు?

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ఇంగ్లీషు కథ చదివాను. పర్లాకిమిడి వీధులు, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, అన్నీ బాగా పట్టుకున్నావు. తల్లి కూరగాయల కోసం పాతపట్నం బయలుదేరే చోట మాత్రం ఆగిపోయాను. అక్కడ ‘ప్రొసీడెడ్’ అని రాశావు. అది పోలీసు పంచనామాలో ఇమిడే మాట. 1936లో ఒడిశా ఏర్పడి మన ఊరు అందులో కలిసిన మాట నిజమే, మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం వేరే రాష్ట్రమే. కానీ చేతిసంచి పట్టుకుని వెళ్లే ఆవిడకు ఆ సరిహద్దుతో ఏం పని?

ఆవిడ ఆ మాట తెలుగులో ఎలా అంటుందో ముందు పైకి అనుకుని చూడు. ‘అలా పాతపట్నం దాకా వెళ్లి వస్తాను’ అంటుంది. ఆ ‘అలా’, ఆ ‘దాకా’ తీసేస్తే అది ప్రయాణమైపోతుంది. వాడుక మాట కోసం గిడుగు రామమూర్తి పోరాడిన ఊళ్లో పెరిగినదానివి, నీకు వేరే చెప్పాలా?

ఇంగ్లీషులో ఈ పనికి చిన్న క్రియలు చాలా ఉన్నాయి. ‘పాప్’, ‘నిప్’ బ్రిటిష్ వాళ్ల నోట ఎక్కువ, ‘స్వింగ్ బై’ అమెరికా వాళ్లది. నిఘంటువు అన్నిటికీ ఇంచుమించు ఒకే అర్థం ఇస్తుంది. దాన్ని నమ్ముకుంటే పాత్ర చెడుతుంది. ‘నిప్ అవుట్’ అన్నావంటే పొయ్యి మీద పాలు పెట్టి పక్క కొట్టుకు పరుగెత్తిన మనిషి. ‘పాప్’లో అంత తొందర లేదు, ఇదేమంత పని అన్న తేలికదనం ఉంది. ‘స్వింగ్ బై’ అంటే వేరే పని మీద పోతూ దారిలో ఒకసారి ఆగడం. నేరుగా ఆ ఇంటికే బయలుదేరినవాడికి అతకదు. కబురు లేకుండా వస్తే ‘డ్రాప్ ఇన్’. మన చుట్టాలందరూ చేసేది అదే!

నేనైతే తల్లికి ‘పాప్ ఓవర్’ ఇస్తాను. ‘ఓవర్’లో ఏదో దాటి అవతలికి పోవడం లీలగా వినిపిస్తుంది, ఏరు దాటే మనిషికి నప్పుతుంది. ‘పాప్ ఆఫ్’ జోలికి మాత్రం పోకు. మన ‘పోయాడు’ లాగే దానికీ రెండో అర్థం ఉంది.

‘రన్ ఓవర్’ తర్వాత ‘టు’ మరిచిపోయావు. దాంతో పిన్నిని చూడబోయిన కుర్రాడు ఆవిడను బండితో తొక్కించినవాడయ్యాడు. తర్వాతి పేజీలో ఆవిడే వాడికి కాఫీ ఇస్తోంది. చాలాసేపు నవ్వుకున్నాను.

ఇవన్నీ మాటల్లో, తేలిక ఘట్టాల్లో వాడుకో. తండ్రి పోయిన కబురు విని కొడుకు గుణుపూరు వెళ్లే చోట వట్టి ‘వెంట్’ అని వదిలేశావు. దాన్ని ముట్టుకోకు.

నీ శ్రేయోభిలాషి