బుల్లెట్‌కి 11 లిఫ్ట్ క్యామా, 9.5 సరిపోతుందా?

మీరు పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఇంజిన్ విప్పి కడుతున్నారు. హెడ్ పోర్టులు, అంటే గాలి వచ్చిపోయే దారులు, ఇంకా ముట్టుకోలేదు. వాల్వుల్ని తెరిచే క్యామ్‌లలో 9.5 మి.మీ. లిఫ్ట్ (వాల్వ్ లేచే ఎత్తు) ఉన్నది ఒకటి, 11 మి.మీ.ది ఒకటి దొరుకుతున్నాయి, ఏది వేయాలని అడిగారు. నేను తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు ఇంజిన్లు కడుతుంటాను, ఎక్కువగా బుల్లెట్లే. నా మాట వింటే 9.5 వేయండి, మిగిలే డబ్బూ ఓపికా హెడ్ మీద పెట్టండి.

వాల్వ్ లేచినప్పుడు గాలి పోయేది దాని తల చుట్టూ ఏర్పడే సందులోంచి. తల వ్యాసంలో నాలుగో వంతు లేచేసరికి ఆ సందు వైశాల్యం తల వైశాల్యంతో సమానమవుతుంది. మీ ఇన్‌టేక్ వాల్వ్ కొలిస్తే 38 మి.మీ. వచ్చిందన్నారు కాబట్టి 9.5 దగ్గరే ఆ లెక్క తేలిపోతుంది. బాగా పోర్టింగ్ చేసిన, అంటే పోర్టులు అరగదీసి సరిచేసిన హెడ్డులో ఆ తర్వాత కూడా ఫ్లో పెరుగుతుంది, కాదనను. కానీ ముట్టుకోని పోర్టులో గాలి గొంతు దగ్గరే ఇరుక్కుంటుంది. వాల్వ్ ఇంకో మిల్లీమీటరున్నర లేచినా దానికి దారి పెరగదు. వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే సీటుని మూడు యాంగిల్స్‌లో కట్ చేయించి, సీటు కింద మిగిలిన మెట్టు తీయిస్తే తక్కువ లిఫ్టులోనే గాలి బాగా పోతుంది. తెరుచుకునేటప్పుడు, మూసుకునేటప్పుడు రెండుసార్లూ వాల్వ్ ఆ తక్కువ లిఫ్టు దాటాల్సిందే. పూర్తి లిఫ్టులో ఉండేది క్షణమాత్రమే.

ఇంకోటి, మీది 70 మి.మీ. బోర్ (సిలిండర్ వ్యాసం), 90 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం). 5,500 ఆర్పీఎం దగ్గరే పిస్టన్ సగటు వేగం సెకనుకు 16.5 మీటర్లు. పై ఆర్పీఎంలో తప్ప పనిచేయని క్యామ్ ఈ ఇంజిన్‌కి దండగ. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు కావాల్సింది కింది ఆర్పీఎంలో లాగుడు. అందుకే లిఫ్ట్ ఒక్కటే చూడకండి, డ్యూరేషనూ (వాల్వ్ ఎంతసేపు తెరిచి ఉంటుందో), ఓవర్‌ల్యాపూ (రెండు వాల్వులూ ఒకేసారి ఎంతసేపు తెరిచి ఉంటాయో) ఎంతో అడగండి. అవి చెప్పలేని చోట క్యామ్ కొనొద్దు.

చిత్తూరు నుంచి ఒకాయన బండి తెచ్చారు. వేరేచోట పెద్ద లిఫ్ట్ క్యామ్ వేయించారట, క్యామ్ కదలికను పైకి అందించే పుష్‌రాడ్ ఒకటి వంగిపోయింది. వాల్వ్ స్ప్రింగ్ తీసి వెలుతురులో పెడితే చుట్టు చుట్టుకీ మధ్య నిగనిగలాడే గీతలు. అంటే పూర్తి లిఫ్టులో చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోతున్నాయి. ఇక ఆ క్యామ్ నెట్టడానికి చోటెక్కడిది? పాత స్ప్రింగులే ఉంచి క్యామ్ ఒక్కటే మార్చారు. ఇలాంటి పని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వెర్నియర్‌తో ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం అది. పూర్తి లిఫ్టులో స్ప్రింగ్ చుట్ల మధ్య మొత్తం కలిపి మిల్లీమీటరున్నర అయినా మిగలాలి. రిటైనర్‌కీ (స్ప్రింగ్‌ని పైన పట్టుకునే బిళ్ల) గైడ్ (వాల్వ్ కాడ జారే గొట్టం) పైభాగానికీ మధ్య కూడా అంతే.

హై కంప్రెషన్ పిస్టన్ వేస్తున్నట్టయితే క్లే పరీక్ష తప్పనిసరి. పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే క్లే పరిచి, కాస్త నూనె రాసి, హెడ్ బిగించి ఇంజిన్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. మళ్లీ విప్పి, క్లే మీద అచ్చు పడ్డ చోట బ్లేడుతో కోసి, బాగా పలచగా ఉన్నచోట కొలవండి. ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. తగ్గకూడదు. పూర్తి లిఫ్టులో తగులుతుందేమోనని చాలామంది భయపడతారు గానీ, అప్పటికి పిస్టన్ చాలా కింద ఉంటుంది. అసలు ప్రమాదం టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకి, అటూ ఇటూ పది డిగ్రీల దగ్గర. బుల్లెట్ హెడ్డులో వాల్వులు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఓవర్‌ల్యాప్ సమయంలో ఆ రెండూ ఒకదానికొకటి తగలకుండా చూడటం కూడా ముఖ్యమే.

కాగితం మీద రాసిన లిఫ్టును నమ్మకుండా రిటైనర్ మీద డయల్ గేజ్ పెట్టి చూడండి. రాకర్ (పుష్‌రాడ్ తోస్తే వాల్వ్‌ని నొక్కే చేయి) నిష్పత్తి, ట్యాపెట్ సందు (వాల్వ్ కదిలే ముందు ఉండే ఖాళీ), పుష్‌రాడ్ వంగే గుణం వల్ల వాల్వ్ దగ్గరికొచ్చేసరికి అది మారుతుంది. ఇక ట్యాపెట్ల సంగతి. కంపెనీ క్యామ్‌కైతే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. కొత్త క్యామ్‌కి తయారీదారు వేరే సందు చెప్తే అదే పెట్టండి.