చెట్లున్న చిన్న అపార్ట్‌మెంటా, పూల్ ఉన్న టవరా? బెంగళూరులో బాడుగకు చూస్తున్నవాళ్లకు నా అనుభవం

ఆఫీసు మహదేవపురలో, బాడుగ 35 వేలు దాటకూడదు, మూడేళ్ల పాప, ఆర్నెల్లకోసారి ఊరి నుంచి వచ్చే అత్తగారు. సి.వి. రామన్ నగర్ వైపు చుట్టూ చెట్లున్న మూడంతస్తుల పాత అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్ నచ్చిందనీ, స్విమ్మింగ్ పూల్, జిమ్ ఉన్న టవర్‌ని వదులుకోవచ్చా అనీ ఒకరు అడిగారు, వారికి నా జవాబు ఇది.

నేను అటువైపే అలాంటి అపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. వదులుకోండి అనే చెప్తాను. కాకపోతే కింది ఫ్లాట్ కాకుండా మొదటి అంతస్తులో ఏదైనా ఖాళీ అవుతుందేమో కనుక్కోండి. చెట్లు చూసి మురిసిపోయే ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి.

2024 వేసవిలో ఇక్కడున్నవాళ్లెవరూ ఆ రోజులు మర్చిపోరు. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ కోసం ముందురోజే ఫోన్ చేసి బతిమాలుకోవాల్సి వచ్చింది. ఆ మార్చిలోనే జలమండలి, తాగునీళ్లతో కార్లు కడిగినా మొక్కలు తడిపినా 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. తోట ఉన్న అపార్ట్‌మెంట్లన్నీ ఏం చేయాలో తోచక కూర్చున్నాయి. మా అసోసియేషన్ మీటింగ్‌లో గట్టిగానే వాదులాడుకుని, చివరికి పచ్చికను వదిలేద్దాం, చెట్లను కాపాడుకుందాం అనుకున్నాం. ఆర్‌ఓ నుంచి వృథాగా పోయే నీళ్లు, బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు ప్రతి ఇంటివాళ్లూ బకెట్‌లో పట్టి మెట్ల దగ్గర పెట్టేవాళ్లం. వాచ్‌మన్ సాయంత్రం వాటిని కుర్ర మొక్కల మొదళ్లలో పోసేవాడు. పెద్ద కానుగ చెట్లకు మేం పోసింది ఏమీ లేదు, అవి నిక్షేపంగా ఉన్నాయి. పచ్చిక ఎండి దుమ్ము లేచింది గానీ, జూన్ వానలకు మళ్లీ చిగురించింది.

అందుకే చెప్తున్నా, మీరు చూసిన తోటలో పచ్చిక ఎక్కువుందా, ముదురు చెట్లు ఎక్కువున్నాయా గమనించండి. ఫొటోల్లో పచ్చిక అందంగా ఉంటుంది, దాని ఖర్చు మాత్రం మెయింటెనెన్స్‌లోకి వస్తుంది. ముదురు చెట్లు నీడనిస్తాయి, మనల్ని పెద్దగా నీళ్లడగవు.

బెంగళూరుకు కావేరి నీళ్లు తెచ్చే పథకంలో ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది, నగరం అంచుల్లోని 110 గ్రామాలకు రోజుకు 77.5 కోట్ల లీటర్లు ఇవ్వడానికి. రోడ్డులో పైపు ఉన్నంత మాత్రాన అపార్ట్‌మెంట్‌కు కనెక్షన్ ఉన్నట్టు కాదు. "కావేరి నీళ్లున్నాయా" అంటే ఓనరు ఉన్నాయనే అంటారు. కావేరి నీళ్ల బిల్లు చూపించమనండి. వాచ్‌మన్‌ని పక్కకు పిలిచి వేసవిలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయో అడగండి, వాళ్లు ఉన్నదున్నట్టు చెప్తారు. వీలైతే అక్కడ ఇప్పుడు బాడుగకున్నవాళ్ల ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ రసీదులు అడిగి చూడండి. మామూలు నెలకూ దానికీ తేడా ఎంతో, వేసవిలో మీ మీద పడే భారం అంత.

కింది ఫ్లాట్ ఎందుకు వద్దంటున్నానంటే, చెమ్మ. చెట్ల నీడలో ఉన్న పాత గోడ వానాకాలం నాలుగు నెలలూ ఆరదు. బెడ్‌రూమ్‌లో గోడ కింది భాగం అడుగెత్తు వరకే కొత్త పెయింట్ కనిపిస్తే అనుమానించండి. చేత్తో రాసి చూడండి, ఉప్పులాంటి తెల్లటి పొడి అంటుకుంటే లోపల చెమ్మ ఉన్నట్టే. గోడలో కట్టిన బీరువా తలుపు తీసి లోపలికి ముక్కు పెట్టి వాసన చూడండి. మా కింది ఫ్లాట్‌లో ఉండే తమిళ దంపతులు ప్రతి సెప్టెంబరులో పట్టుచీరలు తెచ్చి మా ఇంట్లో పెడతారు. చిన్నపాప ఉన్న ఇంట్లో చెమ్మ, బూజు, దోమలు మూడూ భరించడం కష్టం. ఇంకోటి, 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, యమలూరు నీట మునగడం అందరం చూశాం. మీరు చూసిన చోటు రోడ్డు కన్నా పల్లంలో ఉందేమో, గట్టి వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి.

లిఫ్ట్ లేకపోవడం మొదటి అంతస్తుకు పెద్ద సమస్య కాదు. జనరేటర్ ఉందో లేదో కనుక్కోండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలివాన వస్తే కొమ్మలు విరిగి కరెంటు తీగల మీద పడతాయి, తురాయి చెట్టైతే మరీ పెళుసు. ఇంటి నుంచి పనిచేసే రోజులుంటే ఇన్వర్టర్ పెట్టుకోక తప్పదు. మీకిచ్చే కారు పార్కింగ్ అలాంటి చెట్టు కింద కాకుండా చూసుకోండి.

ఇక టవర్ ఎందుకు వద్దన్నానో చెప్తాను. మేం ముందు పదకొండో అంతస్తులో ఉండేవాళ్లం. మా అత్తగారు అనంతపురం నుంచి వస్తే టీవీ ముందు కూర్చుని ఎప్పుడు బస్సెక్కుదామా అని చూసేవారు. ఇక్కడ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కింద సిమెంటు బల్ల మీద కూర్చుంటారు. కన్నడ ఆవిడ ఒకరు, మన చిత్తూరావిడ ఒకరు పక్కన చేరతారు, మాటల్లో రెండు భాషలూ కలిసిపోతాయి. మా బాబు ఆ బల్ల చుట్టూనే సైకిల్ నేర్చుకున్నాడు. వంటింటి కిటికీలోంచి కేకేస్తే వాడికి వినబడుతుంది. ఇది నాకు పూల్ కన్నా ఎక్కువ విలువైనది, మనస్ఫూర్తిగా అంటున్నా.

డబ్బు సంగతులు. ఇక్కడ ఒకప్పుడు పది నెలల అడ్వాన్స్ మామూలు, ఇప్పుడు ఐదారు నెలలకు ఒప్పుకుంటున్నారు, అడగడానికి మొహమాటపడొద్దు. అగ్రిమెంట్ 11 నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల బాడుగ పట్టుకోవడం ఇక్కడి అలవాటు. ఎంత పట్టుకుంటారో, మిగతాది ఎన్ని రోజుల్లో ఇస్తారో ముందే రాయించుకోండి. పాత టవర్‌లో మా ఓనరు రెండు నెలలది పట్టుకున్నారు, కాగితం మీద అంకె లేనందువల్ల వాదించినా లాభం లేకపోయింది. పాత ఆదాయపు పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి బాడుగ భత్యం) మినహాయింపు చూపించేవాళ్లకు బాడుగ ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ కావాలి. ఇవ్వనని మెలిక పెట్టేవాళ్లున్నారు, అడ్వాన్స్ ఇవ్వకముందే తీసుకోండి.

కరెంటు విషయంలో గృహజ్యోతి, అంటే కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం, బాడుగవాళ్లకూ వర్తిస్తుంది. ఆ మీటరుకు పాత టెనెంట్ ఆధార్ ఇంకా లింకై ఉంటే తీయించమని తాళాలు తీసుకునే రోజే ఓనరుకు చెప్పండి.