అడ్రస్ ప్లాన్‌ని వరసగా నింపకు

చిన్నా,

కొత్త నెట్‌వర్క్‌కి అడ్రస్ ప్లాన్ వేసే పని, అంటే ఏ విభాగం కంప్యూటర్లకు ఏ ఐపీ అడ్రస్‌లో పంచే పని, నీ నెత్తిన పడిందని, షీట్‌లో 1, 2, 3 అంటూ వరసగా నింపేశానని రాశావు. ఆ వరస చూసే నాకు టెన్షన్ పట్టుకుంది.

మొదటి ఉద్యోగంలో నేనూ అదే చేశాను. విభాగానికో స్లాష్ 24, అంటే మొదటి మూడు అంకెలూ ఒకటే ఉండే బ్లాక్, అందులో వాడుకోగలిగేవి 254 అడ్రస్‌లు. కాల్ సెంటర్‌కి 10.20.1.0 ఇచ్చాను. రెండేళ్లలో 254 అడ్రస్‌లూ నిండిపోయాయి. పక్కనే 10.20.2.0 తీసుకున్న విభాగం అప్పటికే మూతపడింది. రెండూ కలిపి స్లాష్ 23, అంటే రెట్టింపు బ్లాక్, చేసేద్దామని సంబరపడ్డాను. కలవలేదు! స్లాష్ 23లో మూడో అంకె ఎప్పుడూ సరిసంఖ్య దగ్గరే మొదలవ్వాలి. 0తో 1 కలుస్తుంది, 2తో 3 కలుస్తుంది. 1, 2 ఇరుగుపొరుగే గానీ ఒక ఇంటివాళ్లు కారు. చివరికి ఎక్కడో దూరంగా ఇంకో బ్లాక్ ఇచ్చి, నెట్‌వర్క్‌కి కాపలా కాసే ప్రతి ఫైర్‌వాల్‌లో రెండేసి రూల్స్ రాసుకుంటూ ఎన్నో ఆదివారాలు పోగొట్టుకున్నాను.

నీ చేతిలో ఒక స్లాష్ 16 ఉంది కదా, అంటే 256 స్లాష్ 24లు. మొదటి విభాగానికి మూడో అంకెగా 0 ఇవ్వు, రెండోదానికి 128, తర్వాత 64, 192. ఆపైన 32, 160. ఎప్పుడూ మిగిలిన పెద్ద ఖాళీని సగానికి కోస్తూ పో. నలుగురికి ఇచ్చాక కూడా ఒక్కొక్కరి వెనక 63 బ్లాకులు ఖాళీగా ఉంటాయి. ఎవరు పెరిగితే వాళ్ల మాస్క్, అంటే బ్లాక్ సైజు చెప్పే సెట్టింగ్, మారిస్తే సరి, ఉన్న అడ్రస్‌లు కదలవు. షీట్ చూడ్డానికి చిందరవందరగా ఉంటుంది. ఉండనీ.

మూడో అంకె అంటే అంతస్తు అని పెట్టావే, అది తీసెయ్. విభాగం మేడ దిగిన రోజు నుంచి ఆ అంకె అబద్ధం చెబుతుంది. ఇంటర్నెట్ కూడా ఇలాగే దెబ్బతింది. ఇప్పటిదాకా చెప్పిన అడ్రస్‌ల పద్ధతి పేరు ఐపీవీ4. 1981 నాటి ఐపీవీ4లో నెట్‌వర్క్ సైజుని అడ్రస్ మొదటి బిట్లలోనే ఇరికించారు. క్లాస్ సీ అనే సైజు అయితే 254 అడ్రస్‌లు, చాలదంటే క్లాస్ బీ, ఏకంగా 65,534. మధ్యలో ఏమీ లేదు. 1993లో సైజుని స్లాష్ అంకెతో విడిగా చెప్పే సీఐడీఆర్ పద్ధతి వచ్చాక గానీ ఆ బిగింపు వదల్లేదు.

సెట్టింగుల్లో, స్క్రిప్టుల్లో ఐపీ రాయకు, డీఎన్ఎస్ పేరు రాయి, ఆ పేరుకి ఏ అడ్రసో డీఎన్ఎస్ చెబుతుంది. అడ్రస్ మార్చే ముందురోజే టీటీఎల్ (డీఎన్ఎస్ జవాబుని ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే గడువు) 300 సెకన్లకు దించు. 192.168.1.0 జోలికి పోకు, చాలా ఇళ్ల రౌటర్లలో అదే ఉంటుంది, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి వీపీఎన్‌లో కలిసినప్పుడు గొడవ. చాలా పొడుగు అడ్రస్‌లుండే కొత్త పద్ధతి ఐపీవీ6లో మాత్రం పొదుపు మరిచిపో: ఒక స్లాష్ 48లో 65,536 సబ్‌నెట్‌లు (చిన్న నెట్‌వర్క్‌లు), ప్రతిదానికీ నిండుగా స్లాష్ 64 ఇచ్చెయ్.

షీట్ మళ్లీ వేసి పంపు. ఏయే ప్రింటర్లకు ఐపీ చేత్తో పెట్టావో అది కూడా రాయి, ముందు వాటినే చూస్తాను.

నీ బాబాయి