కాటన్ క్లబ్‌ను వదులుకోవడమే కింగ్ ఆలివర్‌ను ముంచిందా?

ఆ ఒక్క తప్పే ముంచిందని నేను అనుకోను. ‘కింగ్’ అని పేరుపడ్డ జో ఆలివర్ అమెరికా జాజ్ బ్యాండు నాయకుడు, కార్నెట్ (ట్రంపెట్ లాంటి పొట్టి బూర) వాయించేవారు. 1927లో న్యూయార్క్‌లోని కాటన్ క్లబ్ అనే నైట్ క్లబ్ వాళ్ళు బ్యాండుతో వచ్చి వాయించమని పిలిస్తే, ఇచ్చే డబ్బు చాలదని ఆయన వద్దన్నది నిజమే. ఆ చోటు మరో జాజ్ బ్యాండు నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్‌కి దక్కింది. అక్కడి రేడియో ప్రసారాలతో ఎలింగ్టన్ పేరు దేశమంతా మోగింది. కానీ ఆలివర్‌కి అసలు దెబ్బ చిగుళ్ళ దగ్గర తగిలింది, పయోరియా అనే చిగుళ్ళ జబ్బుతో.

నేను 18 ఏళ్ళు పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ వాయించాను. నాకూ పయోరియా వచ్చి పై పళ్ళు రెండు కదిలాయి. మౌత్‌పీస్ ఆనించి ఊదితే ఒత్తిడంతా పెదవి వెనకున్న ఆ పళ్ళ మీదే పడుతుంది. పై స్వరం రాబోతోందంటే నొప్పికంటే ముందే టెన్షన్ పట్టుకునేది. ఊరేగింపు మధ్యలో పాట పక్కవాడికి అప్పగించి నేను కింది స్వరాలు పట్టుకునేవాణ్ణి. అందుకే ఆలివర్ చివరి రికార్డుల్లో ట్రంపెట్ సోలోలు చాలావరకు వేరేవాళ్ళు వాయించారని తెలిసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఆయనకు చక్కెర చల్లిన బ్రెడ్ అంటే ప్రాణమట, చిగుళ్ళు పాడైంది దానివల్లేనంటారు.

ఆ తర్వాత అమెరికా దక్షిణాది ఊళ్ళు తిరుగుతూ బ్యాండు చితికిపోయింది. జార్జియాలోని సవానాలో పూల్ హాల్ ఊడ్చే పనిలో కుదిరి, 1938లో అక్కడే పోయారు.

అయితే ఆయన్ని ఈ ముగింపుతో గుర్తుపెట్టుకోకండి. 1922లో న్యూ ఆర్లీన్స్ నుంచి తర్వాత జాజ్ దిగ్గజమైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని షికాగోకి రప్పించి, తన పక్కన రెండో కార్నెట్ వాయించడానికి నిలబెట్టుకున్నది ఆయనే. తనను మించిపోగల కుర్రాణ్ణి పక్కన పెట్టుకోవడానికి ఎంత గుండె కావాలో బ్యాండు నడిపినవాళ్ళకు తెలుసు. ఆర్మ్‌స్ట్రాంగ్ చివరిదాకా ఆయన్ని ‘పాపా జో’ అనే పిలిచాడు.

మొదట 1923లో జెనెట్ రికార్డు కంపెనీకి ఇచ్చిన ‘డిప్పర్‌మౌత్ బ్లూస్’ వినండి. మైకుల్లేని రోజులు, అందరూ శబ్దాన్ని పట్టే ఒక్క రికార్డింగు గొట్టం ముందు నిలబడి వాయించాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ ధ్వని మిగతావాళ్ళను మింగేస్తోందని అతన్ని దూరంగా నిలబెట్టారంటారు. జానీ డాడ్స్ క్లారినెట్ అయ్యాక ఆలివర్ అందుకుంటారు. కార్నెట్ మూతికి మ్యూట్ (ధ్వనిని అణిచే మూత) మూస్తూ తెరుస్తూ మూడు ఆవర్తనాలు, ఒక్కోటి 12 బార్లు (తాళపు గడులు). పెద్ద పెద్ద స్వరాలేమీ ఉండవు. కొద్దిపాటి స్వరాలనే వంచి, నొక్కి, మనిషి గొంతులా పలికిస్తారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ మూడో ఆవర్తనం వినండి, చివర్లో బ్యాండులోంచి ఒకాయన ఉండబట్టలేక అరిచే అరుపు కూడా వినిపిస్తుంది.