లాప్‌టాప్‌కి విడిగా హెడ్‌ఫోన్ యాంప్ కొంటే తేడా తెలుస్తుందా? వాడుతున్నవాడిగా నా జవాబు

"లాప్‌టాప్‌లో పాత పాటలు, కర్ణాటక కచేరీలు వింటాను. బల్ల మీద పెట్టుకునే హెడ్‌ఫోన్ యాంప్, డాక్ కొంటే నిజంగా తేడా ఉంటుందా? వాడుతున్నవాళ్లు చెప్పండి" అని అడిగారు. డాక్ అంటే కంప్యూటర్‌లోని డిజిటల్ పాటని హెడ్‌ఫోన్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది, యాంప్ అంటే ఆ సిగ్నల్‌ని పెద్దది చేసేది. నేను వాడుతున్నాను. యాంప్ జేడీఎస్ ల్యాబ్స్ వాళ్ల ఆటమ్, హెడ్‌ఫోన్ సెన్‌హైజర్ హెచ్‌డీ 6ఎక్స్‌ఎక్స్. తేడా ఉంటుంది. కానీ అది మీరు అనుకుంటున్న చోట ఉండదు.

ఇప్పటిదాకా వచ్చిన జవాబుల్లో చాలామంది యాంప్ పెట్టగానే పాట మారిపోతుందని, గొంతులో కొత్త తీపి వస్తుందని రాశారు. నేను ఒప్పుకోను. మంచి యాంప్ చేయాల్సిన పని ఒక్కటే. లోపలికి వచ్చినదానికి ఏమీ కలపకుండా, అందులోంచి ఏమీ తీయకుండా, పెద్దది చేసి ఇవ్వడం. సుశీల గొంతులో తీపి సుశీలది. దానికి యాంప్ సొంతంగా ఏదైనా చేర్చిందంటే ఆ యాంప్ సరిగ్గా పని చేయట్లేదని అర్థం.

లెక్క చూద్దాం. 6ఎక్స్‌ఎక్స్ ఇంపీడెన్స్, అంటే కరెంటుకి అది చూపే అడ్డు, 300 ఓమ్‌లు. 1 వోల్ట్ ఇస్తే 103 డెసిబెల్స్ దాకా మోగుతుంది. ఆపిల్ వాళ్ల చిన్న యూఎస్‌బీ-సి డాంగిల్‌ని లాప్‌టాప్‌కి పెడితే ఫుల్ వాల్యూమ్‌లో ఇచ్చేది దాదాపు ఆ 1 వోల్టే. ఇప్పటి సినిమా పాటలకి అది చాలా ఎక్కువ. మాస్టరింగ్‌లో, అంటే విడుదలకి ముందు చివరిగా సౌండ్ సరిచేసేటప్పుడు, వాటిని ఎంతలా బిగించేస్తారంటే మొదటి సెకను నుంచి చివరిదాకా అంతా ఒకటే గట్టిదనం. ఫుల్‌లో పెట్టి పాట మొత్తం వినడం ఎవరివల్లా కాదు. మీరు వినేవి అవే అయితే యాంప్ మీద రూపాయి కూడా పెట్టొద్దు.

కచేరీ సంగతి వేరు. రాగం మొదలుపెట్టినప్పుడు గాయకుడు దాదాపు తనలో తాను పాడుకుంటున్నట్టు ఉంటాడు. అదే రికార్డింగులో గంట తర్వాత తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే మోగే ఘట్టం, వస్తుంది. మృదంగం దెబ్బకి సౌండ్ పగిలిపోకూడదని, రికార్డు చేసినాయన మొత్తం లెవెల్ దించి పెట్టుకుంటాడు. నిజాయితీగా చేసిన రికార్డింగు అలాగే ఉంటుంది. ఆ మృదంగం కన్నా ఆలాపన 30 డెసిబెల్స్ కింద ఉందనుకోండి. డాంగిల్‌ని ఫుల్‌లో పెట్టినా ఆలాపన మీకు 70 చిల్లర డెసిబెల్స్ దగ్గరే ఉంటుంది, తంబుర అంతకన్నా బాగా కింద. పాత టేపుల నుంచి ఎక్కించినవైతే ఇంకా తక్కువ. వాల్యూమ్ పెంచుదామంటే పెంచడానికి మిగల్లేదు. ఆటమ్‌లో గెయిన్ బటన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో మార్చేది, నొక్కితే ఆ 1 వోల్ట్ 4.5 రెట్లు అవుతుంది. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 13 అదనం. బాలమురళీకృష్ణ కింది షడ్జమానికి దిగినప్పుడు ఆ 13 ఎంత అవసరమో నాకు తెలుసు. నేను యాంప్ ఉంచుకున్నది దానికోసమే.

"వాల్యూమ్ ఒక్కటేనా? నాణ్యతలో తేడా లేదా?" అంటారు. దీన్ని తమ్ముడూ నేనూ కూర్చుని తేల్చుకున్నాం. డాంగిల్ నుంచి నేరుగా ఒకసారి, ఆటమ్ గుండా ఒకసారి వినాలి, రెండూ ఒకే గట్టిదనంలో ఉండాలి. దాన్ని చెవితో సరిచూసుకుంటే కుదరదు. కొంచెం గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, షాపుల్లో జరిగే మాయంతా ఇక్కడే. అందుకని 60 హెర్ట్జ్ టోన్ పెట్టి మల్టీమీటర్‌తో రెండు చోట్లా వోల్టేజీ ఒక్కటయ్యేలా చూశాం. చవక మల్టీమీటర్లు 1000 హెర్ట్జ్ దగ్గర తప్పు చూపించవచ్చు, మన కరెంటు ఫ్రీక్వెన్సీకి దగ్గర్లో అయితే నమ్మొచ్చు. ఒకరు వెనక కూర్చుని మారుస్తుంటే ఇంకొకరు ఏది ఏదో చెప్పాలి. ఇద్దరం చెప్పలేకపోయాం. తమ్ముడు వీణ వాయిస్తాడు, వాడి చెవి మామూలు చెవి కాదు. వాడికే తెలియలేదంటే నా దృష్టిలో ఆ చర్చ అక్కడితో అయిపోయింది.

అందుకే విడిగా డాక్ కూడా కొనలేదు. ఆ డాంగిల్‌నే డాక్‌గా వాడుతూ దాని నుంచి వైరు ఆటమ్ వెనకకి ఇచ్చాను. చూడ్డానికి ఏమంత బాగుండదు, పక్కన అదే రంగు డాక్ పెట్టుకుంటే జత కుదురుతుందని నాకూ తెలుసు. ఆ డబ్బులతో ఇయర్ ప్యాడ్‌లు వస్తాయి.

ఇక మన దేశంలో ఇలాంటి యాంప్ వాడాలంటే ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది, కరెంటు. నా ఆటమ్ డాలస్‌లో ఉండే బావగారిది. కొంతకాలం వాడి, ఆఫీసుకి వెళ్లడం మళ్లీ మొదలయ్యాక పక్కన పెట్టేశారు. సెలవులకి వస్తూ హెడ్‌ఫోన్‌తో సహా తెచ్చిచ్చారు. యాంప్‌తో పాటు ఇచ్చిన అడాప్టర్ నల్లగా, ఇటుక ముక్కలా బరువుగా ఉంది. లాప్‌టాప్ చార్జర్లయితే 100 నుంచి 240 వోల్ట్‌ల దాకా దేనికైనా సర్దుకుంటాయి. ఇది అలాంటిది కాదు. లోపల ఉన్నది ఉత్త ట్రాన్స్‌ఫార్మర్. దాని మీద ఇన్‌పుట్ 120 వోల్ట్‌లు, 60 హెర్ట్జ్ అని రాసి ఉంది. పిన్ కన్వర్టర్ తగిలించి మన 230లో పెడితే కాలిపోతుంది. అమెరికా నుంచి ఏ వస్తువు వచ్చినా ముందు ఆ చిన్న అక్షరాలు చదవండి.

దాంతో కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లాను. హైదరాబాద్‌లో రెసిస్టర్ దగ్గర్నుంచి రిలే దాకా ఏది కావాలన్నా జనం వెళ్లేది అక్కడికే. మొదటి షాపులో కుర్రాడు యాంప్ వెనక ఉన్న గుండ్రటి రంధ్రం చూసి, "12 వోల్ట్ అడాప్టర్ సార్, రూటర్‌కి పెట్టేదే, పిన్ సరిపోతుంది" అని చేతిలో పెట్టబోయాడు. పిన్ సరిపోతుంది నిజమే. కానీ అది డీసీ, అంటే ఒకే దిక్కుకి పారే కరెంటు. దీనికి కావాల్సింది ఏసీ, దిక్కు మారుతూ ఉండేది. నేను చెబితే వినలేదు. "యాంప్‌కి ఏసీ ఎవరిస్తారు సార్" అన్నాడు. పక్క షాపులోనూ అదే మాట. ఇంకో షాపులో లోపలగా ఒక పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదకి పెట్టుకుని రేడియో బోర్డుకి టంకం పెడుతున్నాడు. పాత అడాప్టర్ అడిగి తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. అవుట్‌పుట్ అంకె పక్కన చిన్న అలలాంటి గుర్తు ఉంటుంది, దాని మీద వేలు పెట్టి ఆ షాపు కుర్రాడికి చూపించాడు.

"చూడు, గీత లేదు, అల ఉన్నది. గీనికి ఏసీయే కావాలె. లోపట రెండు డయోడ్లు ఉంటయి. ఒకటి పైసగం గుంజుకుంటది, ఒకటి కిందిసగం. ప్లస్ ఒక దిక్కు, మైనస్ ఒక దిక్కు తయారైతది. నువ్వు డీసీ పెడితే ఒక్క దిక్కే వస్తది, రెండోది సచ్చిపోతది."

ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. పాట సిగ్నల్ సున్నాకి పైకీ కిందకీ ఊగుతుంది, కాబట్టి యాంప్ లోపల ప్లస్ వోల్టేజీ, మైనస్ వోల్టేజీ రెండూ ఉండాలి. ఒక్క ఏసీ వైరు నుంచి రెండూ పుట్టించడం చవకైన, గట్టి పద్ధతి. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే పేరుతో, ముఖం చూపించకుండా ఒకాయన ఆబ్జెక్టివ్2 అని ఒక యాంప్ డిజైన్‌ని లెక్కలతో సహా అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అందులోనూ ఇదే ఏర్పాటు. ఆ తర్వాత ఏడాదికి ఆయన రాయడమే ఆపేశాడు, ఎవరో ఈనాటికీ బయటపడలేదు. చవక యాంపుల్ని కూడా కొలిచి చూసి కొనాలనే అలవాటు జనానికి రావడంలో ఆయన పాత్ర చాలా పెద్దది. ఆటమ్ తయారుచేసే సంస్థ కూడా ఆ ఆబ్జెక్టివ్2ని కట్టి అమ్మి ఎదిగినదే.

పెద్దాయన 15 వోల్ట్‌ల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, ఫ్యూజ్ వేసి, మనకి సరిపోయే పిన్ కలిపి ఇచ్చాడు. అయ్యింది కొన్ని వందలే. ఇచ్చే ముందు మీటరు పెట్టి చూపించాడు. లోడ్ లేనప్పుడు 15 కన్నా పైనే చూపిస్తుంది, కంగారు పడొద్దని కూడా చెప్పాడు. అప్పట్నుంచి ఈ రోజు వరకు అదే నడుస్తోంది, గుయ్‌మనే హమ్ కూడా లేదు. కరెంటు పనులు తెలియనివాళ్లు 230 వోల్ట్‌లతో సొంతంగా ఇలాంటివి చేయొద్దు, ఇలాంటి పెద్దాయన్ని వెతుక్కోండి. పెద్ద కంపెనీల చైన్ షాపులు వచ్చాక అలాంటివాళ్లు తగ్గిపోతున్నారని నాకు చాలా బాధగా ఉంటుంది.

యాంప్ వాడకం గురించి రెండు మాటలు. వాల్యూమ్ నాబ్ మొదట్లో, అంటే గడియారంలో ఏడు నుంచి ఎనిమిది మధ్యలో ఉన్నప్పుడు, ఒక చెవికి ఎక్కువ, ఇంకో చెవికి తక్కువ వస్తుంది. ఇది నా యాంప్‌లో లోపం కాదు, ఈ రకం నాబ్‌లన్నిటికీ ఉండే గుణం. అందుకే గెయిన్ తక్కువలో ఉంచి నాబ్‌ని పది, పదకొండు దాటించి వినాలి. చాలామంది గెయిన్ ఎక్కువలో పెట్టి నాబ్‌ని మొదట్లోనే ఉంచి, "గొంతు మధ్యలోంచి రావట్లేదు" అని హెడ్‌ఫోన్‌ని తిడతారు. కచేరీలకి మాత్రమే గెయిన్ పెంచండి.

ఆటమ్ ఒళ్లంతా ప్లాస్టిక్, బరువు లేదు. హెడ్‌ఫోన్ వైరు లాగితే యాంప్ కూడా జరుగుతుంది. అడుగున గమ్ టేపు వేసుకున్నాను.

6ఎక్స్‌ఎక్స్ గురించి చెప్పాలంటే, ఇది 2016లో మాస్‌డ్రాప్ అనే అమెరికా ఆన్‌లైన్ షాపు వాళ్లు సెన్‌హైజర్‌తో కలిసి తెచ్చిన హెచ్‌డీ 650 రూపం. దీని అన్నయ్య హెచ్‌డీ 600 అయితే 1997 నుంచీ ఉంది. ఇన్నేళ్లు నిలబడటానికి కారణం సౌండ్ ఒక్కటే కాదు, ప్రతి భాగం చేత్తో ఊడొస్తుంది. వైరు పాడైతే వైరు, ప్యాడ్ అరిగితే ప్యాడ్ మార్చుకోవచ్చు. మన వేసవిలో ఆ మఖమల్ ప్యాడ్‌లు చెమటకి నాని తొందరగా అణిగిపోతాయి. అణిగాయంటే స్పీకరు చెవికి దగ్గరై సౌండ్ మారిపోతుంది. కొత్త ప్యాడ్‌లు వేశాక నాకు వినిపించిన తేడా ఏ యాంప్ మార్చినా రాదు. "200 గంటలు మోగిస్తే గాని హెడ్‌ఫోన్ తెరుచుకోదు, అసలు సౌండ్ బయటికి రాదు" అని చెప్పేవాళ్లు ప్యాడ్‌ల మాట ఒక్కసారీ ఎత్తరు.

ఇంకొకటి, ఫ్యాన్. ఈ హెడ్‌ఫోన్ వెనక అంతా జాలీ, బయటి శబ్దం నేరుగా లోపలికి వస్తుంది. యాంప్ డబ్బా మీద 120 డెసిబెల్స్ నిశ్శబ్దం, అంటే యాంప్ సొంత రొద పాట కన్నా అంత కింద ఉందని, అంకెలు చూసి కొంటారు, తీరా సీలింగ్ ఫ్యాన్ నాలుగులో పెట్టుకుని వింటారు. యాంపుల మధ్య ఉండే ఆ తేడా అంతా ఫ్యాన్ కిందే పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నేను కచేరీలు తెల్లవారుజామునే వింటాను.

మీరు పాత పాటలు అన్నారు కాబట్టి నా అసలు బాధ చెప్పాలి. యాభైల్లో, అరవైల్లో మన పాటలు మోనోలో రికార్డయ్యాయి. ఒక్కటే ట్రాక్. ఘంటసాల గొంతు సరిగ్గా నడినెత్తిలోంచి వినిపించాలి. కానీ ఆన్‌లైన్‌లో ఆ పాటలు ఎక్కించేవాళ్లు వాటికి ఎకో కలుపుతారు, ఎడమకీ కుడికీ చీలుస్తారు, బేస్ పెంచుతారు, "8డీ" అని పేరు పెట్టి గొంతుని తల చుట్టూ తిప్పుతారు. ఫోన్ స్పీకర్‌లో ఇవేవీ తెలియవు. మంచి హెడ్‌ఫోన్ పెట్టగానే అన్నీ బయటపడతాయి. లక్ష రూపాయల యాంప్ తెచ్చినా ఒకసారి కలిపిన ఎకో పోదు. ఆ ఆర్కెస్ట్రాలో వయొలిన్లన్నీ ఒక్క మైకు ముందు కూర్చుని వాయించినవి, దాన్ని పాడు చేసే హక్కు ఎవరికీ లేదు. అదే పాట పాత సీడీ నుంచి తీసినది దొరికితే పెట్టి చూడండి, గాయకుడు ఊపిరి తీసుకునే చోటు వినిపిస్తుంది.

అందుకే నన్నడిగితే మీ డబ్బులో మొదటి వాటా హెడ్‌ఫోన్‌కి, రెండోది సీడీలకి. ఆకాశవాణి తన నిల్వల్లోంచి ఆకాశవాణి సంగీత్ పేరుతో విడుదల చేసిన కచేరీలు వెతకండి. యాంప్ ఆ తర్వాత. మీ హెడ్‌ఫోన్ 32 ఓమ్‌ల మామూలు రకమైతే డాంగిల్ చాలు. 250, 300 ఓమ్‌లదైనా, హైఫైమ్యాన్ సుందరా లాంటి ప్లానార్ రకమైనా (లోపల పల్చటి పొర మొత్తం కదిలి మోగేది) యాంప్ కొనుక్కోండి. అమెరికా నుంచి తెచ్చేవాళ్లు లేకపోతే, అడాప్టర్ గొడవలు వద్దనుకుంటే, డాక్, యాంప్ ఒకే పెట్టెలో ఉండే ఫియో కే7 చూడండి. 2022లో వచ్చింది, డీసీ అడాప్టర్‌తో నడుస్తుంది, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లని తేలిగ్గా మోగిస్తుంది. దానికోసం బ్యాలన్స్‌డ్ కేబుల్, అంటే ఎడమకీ కుడికీ పూర్తిగా విడివిడి వైర్లుండేది, కొనమని షాపువాళ్లు పట్టుబడతారు. కేబుల్ తర్వాతైనా కొనుక్కోవచ్చు, ముందు ఒక జత ప్యాడ్‌లు తీసుకోండి.