పన్నెండో సీనులో తుపాకి

కడప,
ఆదివారం పొద్దున

నాయనా,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. దాంతోపాటు వాట్సాప్‌లో పెట్టిన ఐదు ఫొటోలూ చూశాను. ఏదో చారిత్రక సీరీస్‌ను ఆపి ఆపి తీసినవన్నావు. "ఇవి ఏ తుపాకులో చెప్పండి సార్, నా కథలో అవే పేర్లు వేసుకుంటా" అని రాశావు. అడిగి మంచిపని చేశావు. ఆ ఐదింటిలో మూడు నీ కథనాటికి పుట్టనేలేదు.

నీ కథ జరిగేది 1846 జులైలో. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు కోవెలకుంట్ల ఖజానా మీద పడిన రోజులు. ఆ సంవత్సరాన్ని కాగితం మీద పెద్దగా రాసి నీ టేబుల్ ఎదురుగా గోడకు అంటించుకో.

తుపాకిని గుర్తుపట్టాలంటే గొట్టం పొడవు, నగిషీపని తర్వాత చూసుకోవచ్చు. ముందు ట్రిగ్గర్‌కు కాస్త పైన, కుడిపక్కన నిప్పు పుట్టే చోటు చూడు. అక్కడొక వంకర కొక్కెం, దాని నోట్లో కాలే వత్తి ఉంటే అది వత్తి తుపాకి. కొక్కెం నోట్లో చెకుముకిరాయి, ఎదురుగా నిలబెట్టిన ఉక్కు రేకు ఉంటే చెకుముకి తుపాకి. రాయీ రేకూ లేకుండా చిన్న సుత్తి ఒక్కటే ఉందనుకో, దాని కింద రాగి టోపీ తొడిగే మొన ఉంటుంది. అది క్యాపు తుపాకి. దీపావళికి పిల్లలు పేల్చే రీలు పిస్తోలుదీ దాదాపు ఇదే పద్ధతి. (ఇవన్నీ ఎడమపక్క కనబడితే కంగారుపడకు, ఎడిటింగ్‌లో బొమ్మ తిరగేసి ఉంటారు. సిపాయిల కత్తులు ఏ పక్క వేలాడుతున్నాయో చూస్తే తెలిసిపోతుంది.)

నీ మొదటి ఫొటోలో కట్టుబడి బంటు (మాన్యం తీసుకుని ఊరి కాపలా కాసేవాడు) పట్టుకున్నది వత్తి తుపాకి. బట్టు సన్నగా, నిటారుగా ఉంది చూడు, అది మన దేశవాళీ తీరు. సరిగ్గానే పెట్టారు. రెండోది కంపెనీ సిపాయి చేతిలోని బ్రౌన్ బెస్, చెకుముకి రకం. 39 అంగుళాల గొట్టం, నాలుగు కిలోల పైచిలుకు బరువు. అదీ సరే. మూడోదాన్ని చూసే మోసపోయావు. గొట్టాన్ని కట్టెకు బిగిస్తూ మూడు ఇనుప పట్టీలు కనబడుతున్నాయా? అది ఎన్‌ఫీల్డ్, 1853 మోడల్. కొవ్వు పూసిన తూటాల గొడవతో 1857లో పేరు మోగింది దీనిదే. మీ రెడ్డిని 1847 ఫిబ్రవరిలోనే ఉరి తీశారు.

నాలుగోదాని సంగతి చెప్పనే అక్కర్లేదు. పక్కన బోల్టు పిడి, ట్రిగ్గర్ ముందు పెట్టెలాంటి మ్యాగజైన్. మన పోలీసుస్టేషన్లలో ఏళ్ల తరబడి చూసిన త్రీ నాట్ త్రీ అది. ఆ వంశం మొదలైందే 1888లో. ఐదోది దొరగారి రివాల్వర్. దాన్ని మధ్యకు విరిచి గుళ్లు నింపుతున్నాడు. అది వెబ్లీ, 1887 తర్వాతిది. నీ దొరకు ఒంటి గుండు పిస్తోళ్లు రెండు ఇవ్వు. రెండూ పేల్చేశాక ఏం చేస్తాడో చూద్దాం, కథకు అదే మంచిది.

సినిమావాళ్లను మరీ తిట్టకు. చేతికి దొరికిన ప్రాపర్టీతో షూటింగ్ నడవాలి వాళ్లకు. పాత హాలీవుడ్‌లో అయితే 1870ల నాటి స్ప్రింగ్‌ఫీల్డులకు ఉత్తుత్తి చెకుముకి కొక్కేలు తగిలించి పాత యుద్ధాలు తీసేవాళ్లు. వెనకనుంచి తూటా పెట్టే రకం కాబట్టి టకటకా పేల్చుకోవచ్చు. ఇప్పుడేమో డమ్మీ కట్టెతో నటించి, మంట కంప్యూటర్లో పెడుతున్నారు. దాన్ని పట్టుకోవడం తేలిక. చెకుముకి తుపాకిలో మొదట పక్కనున్న పళ్లెంలో మందు భగ్గుమంటుంది, లిప్తపాటు ఆగి గొట్టం మూతి దగ్గర పేలుతుంది. మంట రెండు చోట్ల రావాలన్నమాట. గ్రాఫిక్స్‌లో చాలాసార్లు మూతి దగ్గర ఒక్కటే కనబడుతుంది. నీ రెండో ఫొటో ముందు వెనక ఫ్రేములు ఒక్కొక్కటే జరిపి చూడు.

ఇక నేను పోగొట్టుకున్న పరువు సంగతి. ముప్పై ఏళ్ల కింద పాలెగాళ్ల మీద ఒక కథ రాశాను. నల్లమల అంచున రాత్రిపూట మాటు వేయించాను. జోరున వాన, ఉరుములు, ఇరవైమంది వత్తి తుపాకులతో పొదల్లో కూర్చున్నారు. పత్రికలో అచ్చయింది, పది ఉత్తరాలొచ్చాయి, భుజాలు ఎగరేసుకు తిరిగాను. పోలీసు శాఖలో ఆర్మరర్‌గా (తుపాకులు బాగుచేసే పని) రిటైరైన పెద్దాయన ఒకాయన మా ఇంటి దాకా నడిచొచ్చి, మంచినీళ్లు తాగి, నిమ్మళంగా అడిగాడు: "వానలో వత్తి ఎట్ల కాలింది సామీ?"

నాకు నోట మాట రాలేదు. ఆయన అంతటితో వదల్లేదు. వాన లేదనే అనుకుందాం, చీకట్లో ఇరవై వత్తులు ఎర్రగా కనబడవా? ఆ కమురు వాసన గాలికి పోదా? మాటు వేసినోళ్లు వత్తి నిప్పును అరచేత్తో మూసుకుంటారా, తుపాకి పట్టుకుంటారా? ఆయన వెళ్లాక ఆ కథ మళ్లీ చదువుకున్నాను. ఆయన అడిగినవాటిలో ఉన్న భయం నేను రాసిన ఉరుముల్లో లేదు. చీకట్లో తన నిప్పే తనను పట్టిస్తుందని తెలిసి కూర్చున్న మనిషి గురించి రాసి ఉండాల్సింది. వాన పెట్టుకుని దాన్ని పాడుచేసుకున్నాను.

నీ పన్నెండో సీనులోనూ వానే! జులై కాబట్టి పెట్టి ఉంటావు. వానలో నీ బంట్లు ఐదు నిమిషాలు ఆపకుండా కాలుస్తున్నారు, నీ నాయకుడు అవతలి గట్టు మీది సిపాయి కళ్లలోకి చూస్తున్నాడు. నల్లటి తుపాకిమందు దట్టించిన తుపాకులు నాలుగు పేలాయంటే తెల్లటి పొగ కమ్ముకుని పక్కవాడి మొహం కనబడదు, అవతలి కళ్లెక్కడ కనబడతాయి? బాగా తర్ఫీదైన సిపాయి కూడా నిమిషానికి మూడుసార్లు కాలిస్తే గొప్ప. తూటా కాగితం పళ్లతో కొరకాలి, పళ్లెంలో చిటికెడు మందు పోసి మూత వెయ్యాలి, మిగతాది గొట్టంలోకి వంచి గుండు వేసి కడ్డీతో దట్టించాలి. నోరంతా ఉప్పటి మందు, దాహం. ఆ ఇరవై క్షణాలే నీకు దొరికే స్థలం. మాట, తిట్టు, భయం, పారిపోవాలన్న ఆలోచన అన్నీ అక్కడ పట్టాలి.

తడి లేకున్నా అవి మొరాయిస్తాయి. 1834లో ఇంగ్లండులో వుల్విచ్ దగ్గర రెండు రకాలనూ ఆరువేలసార్లు చొప్పున కాల్చి చూశారు. చెకుముకివి 922 సార్లు పేలలేదు, క్యాపువి 36 సార్లు. అంటే ఆరేడుసార్లకు ఒకసారి చెకుముకి తుపాకి ఉత్త చప్పుడే చేస్తుంది. నీ సీనులో ఒక్కటంటే ఒక్కటీ మొరాయించలేదు.

నువ్వు ఉండేది కర్నూలే కదా, ఇంకో మాట. నీ కథకు ఏడేళ్ల ముందు, 1839లో, అక్కడి నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో దాచిన ఫిరంగులు, వాటిని పోత పోసే ఏర్పాట్లు చూసి కంపెనీవాళ్లకు కళ్లు తిరిగాయి. జొహరాపురం దగ్గర పోరు జరిగింది, నవాబును తిరుచినాపల్లి తరలించారు, మరుసటేడు అక్కడే హత్యకు గురయ్యాడు. నీ ఖజానా గుమాస్తాకు ఆ సంగతులు గుర్తుండవా? కొత్త తుపాకి చప్పుడు వినగానే అతనికి ఏం తోస్తుంది? నీ స్క్రిప్టులో ఆ గుమాస్తా నాలుగు మాటలు మాట్లాడి చచ్చిపోయాడు. పాపం, వాడి దగ్గరే కథ ఉందని నాకు అనుమానం.

పేర్ల సంగతి. "బ్రౌన్ బెస్" అని నీ బంటు నోట అనిపించావు, కొట్టేశాను. తుపాకి ఏదో నీకు కచ్చితంగా తెలియాలి, వాడు మాత్రం "తుపాకి" అంటే చాలు. మాటల కోసం ఇక్కడ ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ లైబ్రరీకి రా, రెండు రోజులు కూర్చుందాం. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో నీ కథ కాలపు మాటలే ఉన్నాయి. ఊళ్ల చరిత్రలు రాసిపెట్టిన కైఫియత్తులు కూడా తిరగేద్దాం. వస్తువును కళ్లారా చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది. కొక్కెం దగ్గర నిలబడి బొమ్మ గీసుకో, ఫొటో తీసుకుంటే మనం చూడం. మీ తాతగారింట్లో అటక మీద నాటు తుపాకి ఉందన్నావు. దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కి మాత్రం రావద్దు, లైసెన్సు అడిగితే చరిత్ర కోసం అంటే ఎవరూ వినరు.

పన్నెండో సీను తిరగరాసి పంపు. వాన ఉంచుతావో, తుపాకులు పేలుస్తావో తేల్చుకో. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్లజోడు మార్చాలి.

ఆశీస్సులతో,
మీ మాష్టారు