రెండోసారి పిలిచినా పలక్కపోతే

అమ్మలూ,

నువ్వు పంపిన బిల్ రీడ్ కథ చదివాను. కింద "ఎంత గుండె ధైర్యం పెదనాన్నా!" అని రాశావు. ధైర్యమే, కాదనను. కానీ వచ్చే నెల పైలట్ శిక్షణలో సిమ్యులేటర్ ఎక్కబోయేదానివి. ఆ కథలో నీకు పనికొచ్చేది వేరే చోట ఉంది.

1943 నవంబర్ 3 రాత్రి, రెండో ప్రపంచ యుద్ధం. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ మీదికి వెళ్తున్న లాంకాస్టర్ అనే బ్రిటిష్ బాంబర్. ఏడుగురు మనుషులు, పైలట్ మాత్రం ఒక్కడే, 21 ఏళ్ల స్కాట్లండ్ కుర్రాడు రీడ్. డచ్ తీరం దాటాక జర్మన్ ఫైటర్ కొట్టింది. ముందు అద్దం పగిలింది, రీడ్ తలకీ భుజాలకీ చేతులకీ గాయాలయ్యాయి, దిక్సూచులు పోయాయి. మిగతావాళ్లు క్షేమమేనని తెలుసుకుని, తన దెబ్బల సంగతి మాత్రం మింగేసి ముందుకే పోయాడు. తర్వాత ఇంకో ఫైటర్. ఈసారి నావిగేటర్ చనిపోయాడు, వైర్‌లెస్ ఆపరేటర్‌ది బతికే గాయం కాదు, ఆక్సిజన్ కూడా పోయింది.

అయినా ఇంకో 50 నిమిషాలు పోయి, ఊరి నడిమధ్య బాంబులు వేశాడు. (కింద ఇళ్లలో మనుషులున్నారన్నది కూడా మర్చిపోకు.) వెనక్కి తిరగడం కూడా తేలిక కాదులే, ఒకే దారిన గుంపుగా వస్తున్న సొంత బాంబర్లకు చీకట్లో ఎదురెళ్లడమే ఒక గండం.

నన్ను ఆపింది ఒక్క ముక్క. విమానం ముక్కు దగ్గర పడుకుని బాంబులు గురిచూసి వేసే బాంబ్ ఎయిమర్‌కి ఇంటర్‌కామ్ తెగిపోయింది. విమానం ఎంత మామూలుగా నడిచిందంటే, కెప్టెన్ నెత్తురోడుతున్నాడనీ తోటివాళ్లు పడిపోయారనీ అతనికి బాంబులు వేసేదాకా తెలియనే తెలియదు. అందరూ దీన్ని పొగుడుతారు. నాకైతే వణుకొచ్చింది.

ఎందుకంటే నేనూ ఒకసారి దాచాను. ఏఎన్-12 అనే నాలుగు ఇంజిన్ల రవాణా విమానంలో, ఇంజిన్లు కనిపెట్టుకునే ఫ్లైట్ ఇంజనీర్‌గా లేహ్‌కి సరుకు వేసుకెళ్తున్నప్పుడు ఒళ్లు కాలిపోతోంది. ట్రిప్పు పోతుందని ఎవరికీ చెప్పలేదు. కెప్టెన్ మూడో ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ అడిగితే నాలుగోది చదివాను. ఆయనే తల తిప్పి చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఆయన పెట్టిన చీవాట్లు నీకు రాయదగ్గవి కావు.

అందుకని, తలనొప్పైనా సరే పక్క సీటుకి చెప్పు. "బాగానే ఉన్నాను సార్" అన్నది కాక్‌పిట్‌లో మర్యాద మాట కాదు, ఒక రీడింగ్. తప్పు రీడింగ్ ఇవ్వకూడదు. మీకు నేర్పుతారు చూడు, రెండుసార్లు పిలిచినా కెప్టెన్ సరిగ్గా పలక్కపోతే కంట్రోల్స్ తీసుకోవాలని. సిమ్యులేటర్‌లో అందరూ తీసుకుంటారు. నిజం విమానంలో, జుట్టు నెరిసిన పెద్దాయన పక్కనుంటే మొహమాటం అడ్డొస్తుంది. ఇంట్లోనే అలవాటు చేసుకో, బయటికి గట్టిగా అనిచూడు: "ఐ హావ్ కంట్రోల్."

రీడ్ దగ్గర నేర్చుకోవాల్సిందీ ఉంది. లక్ష్యానికి వెళ్లే దారి ముందే బట్టీ పట్టాడు, నావిగేటర్ పోయినా దారి పోలేదు. తిరుగు ప్రయాణం ధ్రువ నక్షత్రాన్నీ చంద్రుణ్నీ చూసుకుంటూ. నీ ముందు స్క్రీన్లు ఎన్నున్నా, ఇప్పుడు ఏ హెడింగ్‌లో, అంటే ఏ దిక్కుగా పోతున్నాం, దగ్గర్లో దిగే చోటేది అన్నవి నీ తలలో ఉండాలి.

ఇక నేను దండం పెట్టేది ఫ్లైట్ ఇంజనీర్ జిమ్ నోరిస్‌కి. (నాలాగే ఫ్లైట్ ఇంజనీర్ అని కాదు, కొంచెం అదీ ఉందనుకో!) ముంజేతికి దెబ్బ తగిలినా చిన్న సిలిండర్లతో రీడ్‌కి ఆక్సిజన్ అందించాడు. అదీ అయిపోయి, పగిలిన అద్దంలోంచి వచ్చే చలికి రీడ్ స్పృహ తప్పుతుంటే, బాంబ్ ఎయిమర్ సాయంతో విమానాన్ని గాల్లో నిలబెట్టాడు. వాళ్లిద్దరూ పైలట్లు కారు. ఉత్తర సముద్రం దాటాక రీడ్ తేరుకుని, నెత్తురు కళ్లలోకి కారుతుండగా, పొగమంచులో దించాడు. చక్రాల కాలు ఒకటి విరిగింది. వైర్‌లెస్ ఆపరేటర్ తర్వాత చనిపోయాడు. రీడ్‌కి బ్రిటన్‌లో అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది.

సిమ్యులేటర్‌లో మొదటిరోజు సీట్లో కూర్చోగానే ఆక్సిజన్ మాస్క్ ఎక్కడుందో కళ్లు మూసుకుని తీసిచూడు. ఎన్ని సెకన్లు పట్టిందో రాత్రి ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న